రాళ్లు కరిగించే ప్రకటనలు, యూరాలజీ ఓపీలో ఆలస్యాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విశాఖ ఎడిషన్ లోపలి పేజీల్లో కొన్ని ప్రకటనలు ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. ఆపరేషన్ లేకుండా కిడ్నీలో రాళ్లు కరిగిస్తామని ఒకటి, ప్రొస్టేట్ వాపు శాశ్వతంగా పోగొడతామని ఇంకొకటి, కోత లేకుండా వరిబీజం తగ్గిస్తామని మరొకటి, మగవారి బలహీనతకు గ్యారంటీ వైద్యమని వేరొకటి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. అందులోని జబ్బులను నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు వేయకూడదు. ప్రకటన ఇచ్చినవారికే కాదు, దాని ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ ఆ నిషేధం వర్తిస్తుంది. మూత్రపిండంలో, మూత్రాశయంలో రాళ్లు, ప్రొస్టేట్ గ్రంథి జబ్బులు, వరిబీజం, నపుంసకత్వం - నాలుగూ ఆ షెడ్యూల్లో ఉన్నాయి. మూత్ర సంబంధ జబ్బులు చూసే యూరాలజీ ఓపీ ముందు క్యూలో నిలబడేవారిలో చాలామందిది ఈ నాలుగింటిలో ఏదో ఒకటే. షెడ్యూలు నకలు ఈ ఉత్తరంతో జతచేశాం.

చట్టం సంగతి మీరు చూసుకుంటారు. ఆ ప్రకటనలను నమ్మి రెండు నెలలు, మూడు నెలలు పొడులు మింగి వచ్చేసరికి శరీరంలో ఏం జరిగిపోతుందో రాయడం మా పని.

రాళ్లతో మొదలుపెడతాం. విశాఖలో ఈ జబ్బుకు కొదవలేదు. ఎండకు తోడు ఉక్కపోత. స్టీల్ ప్లాంట్‌లో కొలుముల దగ్గర పనిచేసేవారు, షిప్‌యార్డులో వెల్డింగ్ చేసేవారు, హార్బర్ నుంచి బయలుదేరి రోజుల తరబడి సముద్రం మీద ఉండే మత్స్యకారులు, సిటీలో పగలంతా ఆటో తోలేవారు చెమట రూపంలో పోగొట్టుకున్నంత నీరు తిరిగి తాగరు. మూత్రం చిక్కబడుతుంది, అందులోని లవణాలు స్ఫటికాలు కడతాయి. రాయి కిడ్నీలో ఉన్నంతకాలం చాలాసార్లు అసలు తెలియదు. అది కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళంలోకి జారినప్పుడే గోల. ఆ నాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. మూడుచోట్ల ఇంకా ఇరుకు: కిడ్నీ నుంచి బయలుదేరేచోట, నడుం దిగువన పెద్ద రక్తనాళాలను దాటేచోట, మూత్రాశయంలోకి చొరబడేచోట. రాయి ఎక్కువగా చివరిచోటే ఇరుక్కుంటుంది.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం వాటంతట అవే పడిపోతాయి. ప్రకటనల వ్యాపారానికి పెట్టుబడి ఇదే. ఏ పొడీ వాడకపోయినా పడిపోయే రాయి, పొడి వాడుతుండగా పడుతుంది. పేరు పొడికి వస్తుంది. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పడే అవకాశం సుమారు సగం. నాళం కిందిభాగంలో ఉన్న ఇలాంటి రాయికి టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ఇచ్చి నాళాన్ని సడలిస్తాం. నొప్పి అదుపులో ఉండి, జ్వరం లేకుండా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరగకుండా ఉంటేనే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతాం. అంతకు మించి ఆగడం తప్పు.

ఎందుకు తప్పో వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రాయి నాళాన్ని పూర్తిగా మూసేస్తే మొదటి రోజుల్లో నొప్పి భరించలేనంతగా ఉంటుంది. తర్వాత కిడ్నీ మూత్రం తయారుచేయడం తగ్గిస్తుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, నొప్పి పోతుంది. రోగి మందు పనిచేసిందనుకుంటాడు, అమ్మినవాడూ అదే చెబుతాడు. నిజానికి అక్కడ కిడ్నీ చచ్చిపోతూ ఉంటుంది. దారి పూర్తిగా మూసుకున్న కిడ్నీ రెండు వారాలు దాటితే పూర్వస్థితికి రావడం కష్టం, ఆరు వారాలకు ఆశ దాదాపు ఉండదు. కాబట్టి నొప్పి తగ్గినా సరే, రాయి పడిందని కళ్లతో చూడకపోతే మళ్లీ స్కాన్ తీయించుకోవాలి. టీ వడగట్టే జల్లెడలో మూత్రం పోసి చూస్తే రాయి చిక్కుతుంది. దాన్ని పారేయకుండా తెస్తే ఏ రకం రాయో పరీక్ష చేయవచ్చు. అల్ట్రాసౌండ్‌లో నాళం మధ్యభాగంలోని రాయి తరచూ కనబడదు. అనుమానం తీరాలంటే మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కానే సరైనది.

ఏ రాయీ కరగదా అంటే ఒక రకం కరుగుతుంది. యూరిక్ యాసిడ్ రాయి. మామూలు ఎక్స్‌రేలో కనబడదు, సీటీలో కనబడుతుంది. పొటాషియం సిట్రేట్ ఇచ్చి మూత్రంలో ఆమ్లం ఎంతో చెప్పే పీహెచ్‌ను 6.5 నుంచి 7 మధ్య ఉంచితే వారాల్లో కరిగిపోతుంది. ఈ మందు వాడేటప్పుడు రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. కానీ ఎక్కువమందికి ఉండేది కాల్షియం ఆక్సలేట్ రాయి. దాన్ని కరిగించే మందు ఏ వైద్యంలోనూ లేదు. కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం, ఉలవకట్టు తాగితే నీరు ఎక్కువ పోతుంది, ఆ మేరకు మంచిదే. రాయి మాత్రం అలాగే ఉంటుంది. బీరు సలహా ఇచ్చేవారు మన ఊళ్లో ప్రతి వీధిలో ఉన్నారు. బీరు తాగిన గంటలో మూత్రం ఎక్కువగా పోయి, తర్వాత ఒళ్లు ఆరిపోతుంది, యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది.

తీయాల్సిన రాయిని ఎలా తీస్తారన్నది దాని సైజు, చోటు, గట్టిదనాన్ని బట్టి. శరీరం బయటి నుంచి తరంగాలతో రాయిని పొడి చేసే లిథోట్రిప్సీని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి వాడారు. 2 సెంటీమీటర్ల లోపు, మరీ గట్టిగాలేని రాళ్లకు పనికొస్తుంది. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు ఆపలేనివారికి చేయకూడదు. కిడ్నీ అడుగున ఉన్న రాయి పొడి అయినా ముక్కలు అక్కడే కూర్చుంటాయి. నాళంలోని రాయికి మూత్రమార్గం గుండానే సన్నటి దుర్బిణి పంపి హోల్మియం లేజర్‌తో పగలగొడతారు. అదే దుర్బిణి వంగేదైతే కిడ్నీ లోపలికీ వెళ్తుంది. ఎక్కడా కోత ఉండదు. 2 సెంటీమీటర్లు దాటితే వీపు వైపు సుమారు సెంటీమీటర్ రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి వెళ్లడం మేలు. ఇందులో రక్తస్రావం ముప్పు ఎక్కువ, కానీ పెద్ద రాయి ఒకేసారి పోతుంది. "లేజర్ చేస్తారా, కోత పెడతారా" అన్న ప్రశ్నతో హాస్పిటల్ ఎంచుకునేవారు రాయి ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడుంది, ఒకసారిలో అయిపోతుందా, స్టెంట్ వేస్తారా అని అడిగితే మంచిది.

స్టెంట్. ఈ ఉత్తరంలో మిగతాదంతా స్థలం లేక కత్తిరించినా కింది పేరా మాత్రం ఉంచండి.

ఆపరేషన్ తర్వాత నాళం వాచి మూసుకుపోకుండా కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఒక మెత్తటి గొట్టం పెడతారు. పెద్దవాళ్లకు 24, 26 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం. జారిపోకుండా రెండు చివర్లూ చుట్ట తిరిగి ఉంటాయి. దీన్నే డీజే స్టెంట్ అంటారు. మామూలుగా రెండు నుంచి ఆరు వారాల్లో తీసేయాలి. ఉన్నన్నాళ్లు మాటిమాటికీ మూత్రం వస్తుంది, పోసేటప్పుడు నడుంలో పోటు వస్తుంది, నడిస్తే ఎర్రగా పడుతుంది. ఆపరేషన్ చెడిందని భయపడక్కర్లేదు, నీరు బాగా తాగితే చాలు. అసలు ప్రమాదం ఈ ఇబ్బంది లేనివారికి. నొప్పి పోయింది, రాయి పోయింది, పనిలో పడ్డారు. స్టెంట్ ఉన్న సంగతి డిశ్చార్జి కాగితం చివర ఇంగ్లిషులో ఒక లైనుగా మిగిలిపోయింది. మూడు నెలలు దాటితే కుళాయి పైపులో సున్నం పేరుకున్నట్టు దాని చుట్టూ రాయి పేరుకోవడం మొదలవుతుంది. ఏడాది దాటిన స్టెంట్ లాగితే తెగిపోవచ్చు. అప్పుడు మూత్రాశయంలో ఒక ఆపరేషన్, నాళంలో ఒకటి, వీపు నుంచి ఒకటి, అదీ కిడ్నీ బతికి ఉంటే. వేళకు వస్తే ఓపీలోనే మత్తు జెల్లీ పెట్టి దుర్బిణితో పట్టి లాగేస్తారు, ఐదు పది నిమిషాల పని. పాడేరు, అరకు కొండల నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చి ఆపరేషన్ చేయించుకుని వెళ్లేవారి విషయంలో ఈ మరుపు ఇంకా ఎక్కువ, ఒక్కసారి రావడానికి వాళ్లకు ఒక రోజు కూలీ పోతుంది మరి. ప్రతి హాస్పిటల్ డిశ్చార్జి కాగితం మొదటి పేజీ పైనే, తెలుగులో, పెద్ద అక్షరాల్లో "లోపల గొట్టం ఉంది, ఫలానా తేదీకి తీయించుకోవాలి" అని రాయాలి. రోగికి ఒక్కడికే కాదు, ఇంట్లో ఇంకొకరికీ చెప్పాలి. స్టెంట్ వేసిన ప్రతి పేరూ ఒక రిజిస్టర్లో ఎక్కించి, తేదీ దాటినవారికి ఫోన్ చేయడానికి ఒక మనిషిని పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎప్పుడో రాయి ఆపరేషన్ చేయించుకుని, స్టెంట్ తీశారో లేదో గుర్తులేనివారు పొట్టకు ఒక మామూలు ఎక్స్‌రే తీయించుకుంటే తేలిపోతుంది.

రాయితో పాటు చలిజ్వరం వస్తే అది వేరే లెక్క. అడ్డు వెనక నిలిచిన మూత్రం చీముగా మారుతోందన్నమాట. షుగర్ ఉన్నవారికి గంటల్లో బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆ రాత్రే స్టెంట్ గానీ, వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం గానీ వేసి చీము బయటికి వదులుతారు. రాయిని ముట్టుకోరు. "గొట్టం వేసి పంపేశారు, రాయి అలాగే ఉంది, రెండోసారి డబ్బు గుంజడానికే" అని బంధువులు గొడవపడే సందర్భం ఇదే. చీము ఉన్న కిడ్నీలో రాయి పగలగొట్టాలంటే ఒత్తిడితో నీరు ఎక్కించాలి, ఆ ఒత్తిడికి సూక్ష్మజీవులు రక్తంలోకి దూసుకెళ్తాయి. జ్వరం తగ్గాక, కల్చర్ రిపోర్టు (ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష) ప్రకారం మందులు వాడాక రాయి తీయడమే సరైన వరుస.

మళ్లీ రాయి రాకుండా ఉండాలంటే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. తాగే నీళ్లను లెక్కపెట్టడం కన్నా, ఒక సెలవు రోజు మొత్తం మూత్రాన్ని లీటర్ సీసాతో కొలుచుకుంటే నిజం తెలుస్తుంది. జాగ్రత్త తీసుకోకపోతే పదేళ్లలో సుమారు సగం మందికి రాయి తిరిగి వస్తుంది. పాలు, పెరుగు మానేయమని చెప్పేవారి మాట వినొద్దు. తిండిలో కాల్షియం తగ్గితే పేగుల్లో ఆక్సలేట్‌ను పట్టుకునేది లేక అది ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది. చుక్కకూర, పాలకూర, బచ్చలి తినే రోజు చివర పెరుగన్నం తినడం మనకు ఎలాగూ అలవాటే, అదే మంచిది. తగ్గించాల్సింది ఉప్పు: ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చెంచా. నిమ్మరసం ఉప్పూ పంచదారా లేకుండా నీళ్లలో కలుపుకుని తాగితే అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా పనికొస్తుంది. టమాటా గింజల మీద ఉన్న అపవాదుకు ఆధారం లేదు.

ఇక ప్రొస్టేట్. మగవారికి మూత్రాశయం కింద, మూత్రమార్గం చుట్టూ ఉండే 20 గ్రాముల గ్రంథి. అరవై దాటినవారిలో సుమారు సగం మందికి పెరుగుతుంది. ధార సన్నబడడం, ఆగి ఆగి రావడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, పోసినా ఇంకా ఉన్నట్టనిపించడం. వీటికి 0 నుంచి 35 దాకా మార్కులు వేసే ప్రశ్నపత్రం ఉంది: 7 దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. ధార వేగం కొలిచే పరీక్షలో సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే బాగున్నట్టు, 10 లోపు పడితే అడ్డు ఉండవచ్చని. కనీసం 150 మిల్లీలీటర్లు పోయకపోతే ఆ పరీక్షకు అర్థం లేదు, కాబట్టి నిండుగా ఉన్నప్పుడే రావాలి. రాళ్ల దగ్గర చెప్పిన టామ్సులోసిన్‌నే ప్రొస్టేట్‌కూ ఇస్తారు; దాన్ని రాత్రి భోజనం తర్వాత వేసుకుని, మధ్యలో లేచినప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చుని నిలబడాలి, లేకుంటే కళ్లు తిరిగి పడతారు. కంటి శుక్లం ఆపరేషన్‌కు వెళ్లేముందు ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. కంటిపాప సరిగా విచ్చుకోక ఆపరేషన్‌లో చిక్కు వస్తుంది. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ గ్రంథిని కుదించడానికి ఆరు నెలలు పడుతుంది, ఈలోగా ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష అంకెను సగానికి దించేస్తాయి. ఆ అంకెను రెట్టింపు చేసి చదవాలి, లేకుంటే క్యాన్సర్ దాగిపోతుంది.

ప్రొస్టేట్ పెద్దదైనవారు జలుబు మాత్రలు సొంతంగా కొనుక్కోకూడదు. వాటిలోని కొన్ని మందులు మూత్రాశయం మెడను బిగిస్తాయి, కొన్ని కండరాన్ని నీరసపరుస్తాయి. రాత్రి పెళ్లికి వెళ్లి, బిగబట్టుకుని కూర్చుని, జలుబుకు ఒక మాత్ర వేసుకున్న పెద్దాయనకు తెల్లారేసరికి చుక్క రాదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా దగ్గరి హాస్పిటల్లో పైపు వేయించాలి. ఆ పైపు విషయంలో తరచూ తప్పులు జరుగుతాయి. మూత్రం రావడం చూశాకే, పైపు జారిపోకుండా దాని కొనన ఉండే బెలూన్ నింపాలి, మార్గంలోనే నింపితే చీలి రక్తం కారుతుంది, ఆ మచ్చ తర్వాత శాశ్వతంగా మార్గాన్ని ఇరుకు చేస్తుంది. బెలూన్‌లో స్టెరైల్ వాటరే పోయాలి. సెలైన్ పోస్తే ఉప్పు స్ఫటికాలు దారి మూసి, తీసేటప్పుడు బెలూన్ దిగదు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. ఆటోలో తీసుకెళ్తూ ఒళ్లో పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుంది. రబ్బరు పైపు రెండు మూడు వారాలకు, సిలికాన్ పైపు పన్నెండు వారాల లోపు మార్చాలి. పైపు ఉన్నవారి మూత్రంలో సూక్ష్మజీవులు ఉండే తీరతాయి. జ్వరం లేకుండా కేవలం రిపోర్టు చూసి యాంటీబయాటిక్ వాడితే, నిజంగా అవసరమైన రోజుకు ఏ మందూ పనిచేయదు.

మందులతో ఆగనివారికి దుర్బిణితో లోపలి నుంచే గ్రంథిని తొలిచేస్తారు, కరెంటు తీగతో గానీ లేజర్‌తో గానీ. ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సిన మాట ఒకటి, చాలాచోట్ల చెప్పరు: తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది. సుఖానికి లోటుండదు, పిల్లలు కావాలనుకునేవారికి మాత్రం సమస్య. పది పదిహేను రోజులకు లోపలి పొర ఊడి మళ్లీ ఎర్రగా పడవచ్చు. నీరు తాగితే తేటపడుతుంది, గడ్డలు పడి ఆగిపోతే వెంటనే రావాలి.

నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడి ఆగిపోయిందా, అది అన్నిటికన్నా అనుమానించాల్సినది. నలభై దాటినవారిలో, ముఖ్యంగా పొగతాగేవారిలో, కాదని తేలేదాకా మూత్రాశయ క్యాన్సరే అనుకుని వెతకాలి. బీడీ, సిగరెట్టు, చుట్ట ఏదైనా పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీ వడగట్టాక మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తాయి. మన తీరంలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, అంగిలికి చేటని అందరికీ తెలుసు. మూత్రాశయం గురించి ఎవరూ తలచుకోరు. స్కానింగ్‌తో పాటు దుర్బిణితో లోపల చూడాల్సిందే. పైపొరలోనే ఉన్న గడ్డను గీకి తీసి, కొందరికి వారానికొకసారి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కిస్తారు. పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకాలోని సూక్ష్మజీవే. మొదటిసారే వస్తే మూత్రాశయం దక్కుతుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి మూత్రం నారింజరంగులో వస్తుంది, అది రక్తం కాదు.

వరిబీజం, మన ఊళ్లలో బుడ్డ అంటారు, ఉత్తరాంధ్ర తీరానికి పాత చుట్టం. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే చాలామందికి కారణం. సూదితో నీరు తీయించుకుంటే నెలల్లో మళ్లీ నిండుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది. చిన్న ఆపరేషన్‌తో సంచిని తిరగేసి కుడితే పోతుంది. అయితే పాతికేళ్ల కుర్రాడికి నొప్పిలేకుండా గట్టిగా గడ్డ తగిలితే బుడ్డ అనుకుని ఊరుకోకూడదు, వృషణ క్యాన్సర్ ఆ వయసులోనే వస్తుంది, తొందరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. అదే ఫైలేరియా వల్ల కొందరికి మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. కొవ్వును మోసే నాళాలు పగిలి కిడ్నీలోకి కారడం దానికి కారణం. నూనె, నెయ్యి, మాంసం తిన్న మర్నాడు ఎక్కువవుతుంది. చూసి ధాతువు పోతోందని భయపడి, పైన చెప్పిన "బలహీనత" ప్రకటనల దగ్గరికే పోతారు. కొవ్వు తగ్గించిన తిండి, ఫైలేరియా మందులతో కొందరికి ఆగుతుంది. ఆగనివారికి దుర్బిణితో ఆ వైపు కిడ్నీలోకి మందు ఎక్కించి కారే నాళాలను మూస్తారు.

ఆ బలహీనత విషయం. అంగస్తంభన తగ్గడం చాలాసార్లు గుండె రక్తనాళాల జబ్బుకు కొన్నేళ్ల ముందే వచ్చే హెచ్చరిక, అంగంలోని నాళాలు గుండెవాటికన్నా సన్నవి కాబట్టి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూడకుండా మందు ఇచ్చేవాడు వైద్యుడు కాదు. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) కలిపినట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి తెలియక ఆ పొడి తింటే బీపీ ఒక్కసారిగా పడిపోయి చనిపోవచ్చు.

మగపిల్లలున్న తల్లిదండ్రులు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాడికి హఠాత్తుగా ఒకవైపు వృషణంలో నొప్పి, వాంతి వస్తే బీజం మెలిపడి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. ఆరు గంటల్లో విప్పితే పదిలో తొమ్మిది దక్కుతాయి. ఇరవై నాలుగు గంటలు దాటితే దాదాపు ఏదీ దక్కదు. సిగ్గుపడి పిల్లాడు కడుపునొప్పి అంటాడు, ఇంట్లో వాము నీళ్లు ఇస్తారు, ఆర్ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ చేస్తాడు, తెల్లారిపోతుంది. కడుపునొప్పి అన్న మగపిల్లాడి లుంగీ విప్పి చూడడం డాక్టరుకైనా తల్లికైనా తప్పనిసరి. స్కానింగ్ కోసం వేచి ఉండేకంటే అనుమానం ఉంటే తెరిచి చూడడమే మేలు, రెండోవైపు కూడా కుట్టి నిలబెడతారు. ఇక పుట్టిన మగబిడ్డకు బీజం సంచిలోకి దిగకపోతే ఆరు నెలల దాకా చూసి, ఏడాదిన్నర లోపు దించాలి. మూత్రరంధ్రం కొనన కాకుండా అడుగున ఉన్న బిడ్డకు సున్తీ చేయించకూడదు, సరిచేసేటప్పుడు ఆ చర్మమే కావాలి.

ఆడవాళ్లకు యూరాలజిస్టుతో పనిలేదనుకోవడం ఇంకా ఉంది. దగ్గితే, నవ్వితే మూత్రం చిందడం కాన్పుల తర్వాత మామూలేనని భరిస్తారు. మూత్రం ఆపుకునే కండరాన్ని పది సెకన్లు బిగించి వదలడం, పదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే స్కానింగ్ చేయించాలి. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే కల్చర్‌కు మూత్రం ఇవ్వాలి, మొదటి ధార వదిలి మధ్యలోది పట్టాలి. బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, రైతుబజార్లలో కూరగాయలు అమ్మేవారు మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. దీనికి మందు మా దగ్గర లేదు, కార్పొరేషన్ దగ్గర ఉంది.

చివరగా ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది. కిడ్నీ అనగానే అందరూ ఒకే తలుపు తడతారు. యూరాలజిస్టు సర్జన్. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు జనరల్ సర్జరీ, ఆపైన మూడేళ్లు యూరాలజీ చదువుతాడు. కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం, ప్రొస్టేట్, పురుషాంగం, వృషణాల్లో అడ్డు, రాయి, గడ్డ, గాయం, ఇరుకు వస్తే ఆయన పని. కిడ్నీ వడపోత దెబ్బతిని క్రియాటినిన్ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాళ్లవాపు, డయాలసిస్ నెఫ్రాలజిస్టు పని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో ఎక్కువమందిది రెండో రకం. వారికి ఆపరేషన్‌తో పనిలేదు, స్కానింగులో చిన్న రాయి కనబడిందని చెప్పి దాన్ని తీసినా క్రియాటినిన్ తగ్గదు. కిడ్నీ మార్పిడిలో మాత్రం ఇద్దరూ కావాలి, రోగిని సిద్ధం చేసి తర్వాత కాపాడేది నెఫ్రాలజిస్టు, కిడ్నీ తీసి కుట్టేది యూరాలజిస్టు. విశాఖ కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్)లో రెండూ వేర్వేరు విభాగాలు, ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే ఏది కావాలో అడగాలి.

యూరాలజీ ఓపీకి వచ్చేవారు మూత్రం నిండుగా ఉంచుకుని రావాలి, స్కానింగ్‌కూ ధార పరీక్షకూ అదే కావాలి. పాత స్కానింగ్ ఫిల్ములు రిపోర్టులతో సహా తేవాలి, ఒక్క రిపోర్టు కాగితం చూసి రాయిని తీయలేరు. వాడే మాత్రల అట్టలు సంచిలో వేసుకుని రావాలి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు ఆపరేషన్ ఉందని సొంతంగా మానేయకూడదు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరూ యూరాలజిస్టూ కలిసి చెబుతారు.

ఇట్లు,
యూరాలజీ ఓపీలో, వార్డులో, థియేటర్లో పనిచేసే కొందరం,
విశాఖపట్నం.